తెల్లరంగు

నేను ఒక మిగిలిపోయిన మాత్రను. నా తోడబుట్టినవాళ్ళందరినీ తిరపతమ్మ మింగేసింది. నన్నొక్కదాన్నీ ఆమె మొగుడు పేరయ్య అట్టతో సహా తెచ్చి, ఇంటి ముందుగదిలో ఉన్న తన సెలూను సొరుగులో నల్లరంగు ప్యాకెట్ల కింద దాచాడు.

ఎక్కడో గాజుగదుల్లో, ముక్కూ నోరూ కట్టుకున్న మనుషుల మధ్య, యంత్రం నన్ను నొక్కి గులాబిరంగు చొక్కా తొడిగింది. మా పనేమిటంటారా? కణితికి "పెరుగు, పెరుగు" అనే కబుర్లు ఒక్క దారిన రావు. ఒక గుమ్మం మూస్తే ఇంకో గుమ్మంలోంచి వస్తాయి. అందుకని మేం నాలుగైదు గుమ్మాలు ఒక్కసారే మూసేస్తాం. పాపం, జుట్టుకి నలుపునిచ్చే కబురు కూడా వాటిల్లో ఒక గుమ్మంలోంచే వెళ్ళాలి! తిరపతమ్మ కిడ్నీలో కణితి అణిగింది, తల ముగ్గుబుట్టయింది.

చీరాలలో సగం తలలకి నల్లరంగు వేసే పేరయ్య, పెళ్ళానికి మాత్రం వెయ్యనన్నాడు. "ఉండనియ్యవే. ఇది తెల్లగా ఉన్నన్నాళ్ళూ మందు పనిచేస్తన్నట్టే." డాక్టరు అలా అనలేదు. మనుషులు తమకి కావలసిన గుర్తులు తామే పెట్టుకుంటారు. ఆమె కూడా రోజూ అద్దంలో ఆ తెలుపు చూసుకుని మురిసిపోయేది.

మాయదారి కణితి మాకు తెలియని దొడ్డిదారి వెతుక్కుంది. ఇక ఈ మాత్రల వల్ల లాభం లేదు, ఆపేద్దామని డాక్టరు పేరయ్యకి చాటుగా చెప్పాడు. ఆ మాట అతను ఇంట్లో చెప్పలేకపోయాడు. నన్ను దాచేసి, పొద్దున్నే ఆమె చేతిలో అదే రంగు బలం మాత్ర పెట్టడం మొదలెట్టాడు. మేం లోపలికి వెళ్ళడం మానేసరికి గుమ్మాలు తెరుచుకున్నాయి. జుట్టుకి కబురందింది.

"నల్లబడతందే వదినా! గండం గడిచిందిలే," అని పక్కింటి నాగరత్నం సంబరపడింది.

ఆ మధ్యాహ్నం బేరాల్లేవు. సొరుగు సందులోంచి చూస్తూనే ఉన్నాను. తిరపతమ్మ వచ్చి సెలూను కుర్చీలో కూర్చుంది. తల వంచి, పాపిట విడదీసి, మొదళ్ళలో నలుపు అద్దంలో చాలాసేపు చూసుకుంది. పేరయ్య దువ్వెన పట్టుకుని వెనక నిలబడిపోయాడు.

"ఊరందరికీ నల్లరంగేస్తావు గదయ్యా," అంది నవ్వుతూనే. "నాకు కాస్త తెల్లరంగెయ్యలేకపోయావా?"

పేరయ్య భోరుమన్నాడు.

"ఊరుకో. ఎవరన్నా వస్తారు. తల దువ్వు."

అతను దువ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అట్ట వెనక నా గడువు ఇంకా రెండేళ్ళుందని అచ్చేసి ఉంది. నాకెందుకండీ ఆ రెండేళ్ళు!