ఆండాళమ్మ కుడిచెయ్యి

మిర్యాలగూడ ధాన్య సామ్రాజ్యంలో వడ్ల తేమకు సంబంధించి సర్వోన్నత న్యాయస్థానం ఒకటే: రైసుమిల్లు యజమానురాలు ఆండాళమ్మ కుడిచెయ్యి. మోచేతిదాకా బస్తాలోకి దించి ముప్ఫై ఏళ్లుగా ఆమె ఇచ్చిన తీర్పులకు అప్పీలు లేదు. కోడలు సుష్మిత కొన్న తేమ మీటరు ఆ ప్రాభవానికి జడిసి బీరువాలో అజ్ఞాతవాసం చేస్తున్నది.

ఆండాళమ్మ రొమ్ము క్యాన్సరుకు సూర్యాపేటలో వారం వారం మందెక్కించడం మొదలుపెట్టే ముందు డాక్టర్ దీప బొమ్మ గీసి చెప్పింది. ప్రతి కణంలోనూ వెంట్రుకలో వెయ్యోవంతు కన్నా సన్నని గొట్టాలుంటాయి. కణం రెండుగా చీలాలంటే అవి కూలుతూ, లేస్తూ ఉండాలి. ఈ మందు వాటిని కూలనివ్వదు. చీలలేక క్యాన్సరు కణం చస్తుంది. అయితే నరాలలో సరుకు మోసే దారులూ ఆ గొట్టాలే. దూరాన ఉన్న వేళ్లకు ముందుగా సరఫరా తగ్గుతుంది. మొద్దుబారితే వెంటనే చెప్పాలి.

ఆండాళమ్మ శ్రద్ధగా విని, సొంత భాష్యం రాసుకుంది: చెబితే మందు ఆపుతారు, మందు ఆగితే తానూ ఆగిపోతుంది.

ఐదో వారం వేలికొనలు తిమ్మిరెక్కాయి. ఏడో వారం రవికె హుక్కు వేళ్లకు అందలేదు. డాక్టరు అడిగిన ప్రతిసారీ "మంచిగున్న" అన్నది.

తొమ్మిదో వారం త్రిపురారం రైతు దశరథ వడ్లు తెచ్చాడు.

"సావుకారమ్మా, సూసి తిడ్తరో, తిట్టుకుంట సూస్తరో మీ ఇష్టం."

ఆమె చెయ్యి దించింది. గాలిలో పెట్టినట్టుంది.

"ఎండినయి," అన్నది.

దశరథ ముఖం పాలిపోయింది. "గదేందమ్మా! మొన్నటి వానకు తడిసినయి. లోపల ఉడుకుతున్నయి. జర తిట్టుండ్రమ్మా!"

సుష్మిత బస్తాలో చెయ్యి పెట్టి చటుక్కున తీసుకుంది.

"ఎన్నాళ్ల సంది అత్తమ్మా?"

"నెల. దవాఖానల చెప్పకు బిడ్డా. మందాపితే నేను ఖతం."

అయినా సుష్మిత డాక్టరుకు చెప్పింది. మర్నాడు సూర్యాపేటలో దీప ఆండాళమ్మ కళ్లు మూయించి, ఆమె వేలికొన మీద దూది పెట్టింది.

"ఇంకా పెట్టలేదా అమ్మా?"

"పెట్టి తీసేశాను కూడా." డాక్టరు గొంతు తగ్గింది. "దాచిపెడితే ఎట్లమ్మా? అప్పుడే చెబితే మోతాదు తగ్గించేదాన్ని. తగ్గించడమంటే ఆపడం కాదు."

"మల్ల స్పర్శ వస్తదా?"

"చాలామందికి మెల్లగా వస్తుంది. కొందరికి పూర్తిగా రాదు."

తగ్గించిన మోతాదుతో మందు సీసా వేలాడింది. కళ్లు మూసుకున్న అత్త పిడికిట్లో సుష్మిత ఒక వడ్లగింజ పెట్టింది. చుక్క చుక్కకూ ఆండాళమ్మ ఆ గింజ కోసం లోలోపల వెతికింది. ఉన్నదో, జారిపోయిందో తెలియలేదు.

విప్పి చూస్తే తెలిసిపోతుంది. తన మీద తానే తీర్పు వినే ధైర్యం లేక, ఆ న్యాయస్థానం సీసా ఖాళీ అయ్యేదాకా పిడికిలి విప్పలేదు.