పొయ్యి మట్టి

శుక్రవారం కావడంతో కామమ్మ తెల్లవారుతూనే పొయ్యి అలకడానికి కూర్చుంది. పులికాటు సరస్సు ఒడ్డున ఇసుక తప్ప మరేమీ లేని ఆ పల్లెలో ఎర్రమట్టి బంగారంతో సమానం. అది సరస్సు ఇచ్చింది కాదు, పటాలం ఇచ్చింది. యుద్ధం రోజుల్లో సిపాయిలు గురిచూసి కాల్చడం నేర్చుకోవడానికి లోపలి ఊళ్ళ నుంచి మట్టి తోలించి గుట్ట పోయించారు. ఏళ్ళ తరబడి దాన్నే కాల్చారు. యుద్ధం ముగిశాక గుట్టనూ, దాని కడుపులోని తుపాకీగుళ్ళనూ వదిలేసి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి గుట్ట తవ్వడం, మట్టి జల్లించి సీసం ఏరడం, వంట పొయ్యి మీదే దాన్ని మూకుట్లో కరిగించి వల అంచుకు కట్టే గుళ్ళు పోయడం ఆడవాళ్ళ వంతయింది. జల్లించిన మట్టితో పొయ్యిలూ అరుగులూ మెత్తడమూ వాళ్ళ వంతే. వల మాత్రం మగవాడిది.

నెల్లూరు ఆస్పత్రికి వెళ్ళి వచ్చినప్పటి నుంచి కామమ్మకు ఏ పనిలోనూ చెయ్యి నిలవడం లేదు. ఆమెకు మూడు కడుపులు పోయాయి. పోయిన ప్రతిసారీ అత్త ఆదిశేషమ్మ, చవిటినేలలో విత్తితే ఏం మొలుస్తాదని ఇరుగుపొరుగుకు వినబడేట్టే అనేది. కిందటి వారం కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే భర్త ఓబయ్య ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ ఆమె పెదవి పైకెత్తి, చిగుళ్ళ అంచున ఉన్న నల్లటి గీత దగ్గర ఆగిపోయింది. సీసంతో ఏమైనా పని చేస్తావా, అది ఒంట్లోకి పోతే కడుపు నిలవదు అంది. కామమ్మ నోరు తెరిచేలోపే ఓబయ్య జవాబిచ్చాడు.

"దానికి పనేముండాది డాక్టరమ్మా? ఊరికే ఇంట్లోనే ఉంటాది."

అబద్ధమాడుతున్నానని అతను అనుకోలేదు. కామమ్మను ఎక్కువగా కాల్చింది అదే. ఆమె మూకుడు ముందు పొగలో దగ్గుతుంటే అదే వాకిట్లో కూర్చుని వల అల్లుకున్న మనిషి అతను. చల్లారిన గుళ్ళను అరచేతిలో ఎగరేసి బరువు చూసుకున్నాడు కానీ, అవి ఎవరి చేతుల్లోంచి వచ్చాయో చూడలేదు. డాక్టరమ్మ నొప్పికి మందు రాసి, తరవాతి మనిషిని పిలిచింది. ఆ ప్రశ్న మాత్రం కామమ్మ వెంటే ఇంటికి వచ్చింది. గుట్ట మీద కెలికిన కోళ్ళు మెడలు వాల్చి ఎందుకు చచ్చాయి? చూలాలికి మట్టి మీద మనసు పోవడం కొత్త కాదు. మూడుసార్లూ ఆమె తిన్నది ఈ పొయ్యి మట్టినే. అత్త ఆమెను ముద్దుగా చూసింది ఆ నెలల్లో మాత్రమే. మట్టిపెడ్డలను నిప్పుల మీద కాల్చి, నీళ్ళు చిలకరించి, కమ్మటి వాసన వచ్చాక తన చేత్తో అందించేది.

తోడికోడలు మాలకొండమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. ఆ పిల్లకు ఇప్పుడు నాలుగో నెల. పొయ్యి అంచు గిల్లి నోటి దగ్గరికి తీసుకుంది.

"వాసనకే నోరూరతా ఉండాదక్కా. రవ్వంత."

కామమ్మ ఆ మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో పెదవి పైకెత్తింది. చిగుళ్ళ అంచున కాటుకపుల్లతో గీసినట్టు సన్నటి గీత.

"ఏందక్కా, గొడ్డును బేరమాడేవాడి మాదిరి పళ్ళు చూస్తా ఉండావు?" అని ఆ పిల్ల నవ్వింది. కామమ్మ మట్టిపెడ్డ లాక్కుంది. అది చూసిన ఆదిశేషమ్మ అరుగు మీద నుంచే, "తనకు లేకపోయె, ఇంకొకత్తెకు ఉంటే ఓర్వలేదు" అంది.

ఎప్పుడూ గుండెలో దిగబడే అత్త మాట ఈసారి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. కామమ్మ పెడ్డనూ, మూకుట్లో మిగిలిన సీసం ముక్కనూ కొంగున ముడివేసుకుని, మాలకొండమ్మ చెయ్యి పట్టుకుని లేచింది. పొయ్యి సగం అలికి వదిలేస్తే ఎవరు చేస్తారని ఓబయ్య వల మీద నుంచి తలెత్తకుండానే అడిగాడు. ఆమె నిలబడలేదు. పడవలో సరస్సు దాటి, దొరవారిసత్రంలో రైలెక్కి, ఇద్దరూ నెల్లూరు చేరారు.

డాక్టరమ్మ ఆనవాలు పట్టి, మీ ఆయన రాలేదా అని అడిగింది. కామమ్మ కొంగుముడి విప్పి, మట్టినీ సీసాన్నీ బల్ల మీద పెట్టింది.

"రాలేదమ్మా. పోయినసారి మీరడిగింది నన్ను, చెప్పింది ఆయన. మళ్ళా అడగండి."