గట్టి పరుపు

అందరి పరుపులూ బాగుచేసే నేను మా ఇంటి పరుపును మాత్రం ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. దాని నడుమ గుంట పడింది. ఏ అంచున పడుకున్నా ఇద్దరం దొర్లుకుంటూ ఆ గుంటలోకే చేరేవాళ్ళం. "పరుపుల కొట్టు పెట్టుకుని ఇదేం పరుపే, దబ్బనం?" అని నవ్వేవాడు మా ఆయన. నా నోటికి భయపడి ఆయన పెట్టిన పేరది. నవ్వుతూనే దగ్గరకు లాక్కునేవాడు. ఆ గుంట పూడ్చడానికి నాకేం పిచ్చా?

ఆయన సైనికుడు. సరిహద్దు చౌకీలో మొదటి విడత డ్యూటీ ముగించుకుని సెలవు మీద వచ్చిన రోజే మంచం దిగి హాల్లో నేల మీద పడుకున్నాడు. "ఈ పరుపు నన్ను మింగేస్తోందే. అక్కడ చెక్క మీద అలవాటైపోయింది" అన్నాడు. నేను నమ్మాను. పరుపును కొట్టుకు మోయించి, విప్పి, సగం దూది తీసేసి కొబ్బరిపీచు కూరి కుట్టాను. పడుకుని చూసి "ఇంకా మెత్తగా ఉంది" అన్నాడు. మళ్ళీ విప్పాను. మళ్ళీ అదే మాట. ఆఖరిసారి కుట్టేటప్పుడు దబ్బనం దిగక నా బొటనవేలు బొబ్బలెక్కింది. గుంట మాయమైంది, పరుపు బండలా తయారైంది. అయినా ఆయన హాలు వదల్లేదు. ఆ బండ మీద నేనొక్కదాన్నే నడుం విరగ్గొట్టుకున్నాను.

వెనకనుంచి భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడేవాడు. అందుకని ముందు దగ్గి, ఆ తరవాతే దగ్గరకు వెళ్ళడం నేర్చుకున్నాను. సొంత మొగుడి దగ్గరకు దొంగలా దగ్గుకుంటూ వెళ్ళాను!

సెలవు ముగుస్తుండగా "రెండో విడతకు వెళ్ళమని పైనుంచి ఆర్డరొచ్చింది. నా చేతుల్లో ఏముంది?" అన్నాడు. ఆ పైవాళ్ళను నోటికొచ్చినట్టు తిడుతూ ఆయన సంచి సర్దాను.

ఆయన వెళ్ళిన కొన్నాళ్ళకు, ఆ చౌకీలోనే వంట చేసే అతను సెలవు మీద వచ్చి, వాళ్ళమ్మకు పరుపు కుట్టించడానికి మా కొట్టుకొచ్చాడు.

"అన్న గుండె ఉక్కు వదినా. మొదటి సెలవుకు బయల్దేరేముందే రెండో విడతకు ఎవరుంటారని అడిగారు. మేమంతా నేలచూపులు చూస్తుంటే అన్న ఠక్కున చెయ్యెత్తాడు."

"ఆర్డరు కదా?"

"ఆర్డరేంటి వదినా? ఇష్టమున్నవాళ్ళే. మూడోదానికీ అడుగుతారట. అన్న వదిలేలా లేడు."

నా ఒళ్ళు మండిపోయింది. అంటే నేను పరుపు విప్పుతూ కుడుతూ చస్తున్నప్పటికే ఆయన చెయ్యెత్తి వచ్చాడన్నమాట! ఆ వేడిలో కుట్టిన పరుపు మీద వాళ్ళమ్మకు నిద్ర పట్టిందో లేదో, పాపం.

ఆ సాయంత్రమే మా పరుపును నిలువునా రెండు ముక్కలు కోశాను. నా సగంలో పీచంతా పీకేసి మేలురకం దూది నింపాను. ఆయన సగంలో ఆ పీచు కూడా కూరి, చుట్టి, తాడుతో బిగించి గుమ్మం పక్కన నిలబెట్టాను. కత్తెర ఆడుతున్నంతసేపూ నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

రెండో విడత ముగించుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేంటే?"

"నీ పరుపు. కోరినంత గట్టిగా ఉంది. ఎత్తుకుపో. చెయ్యెత్తడం అలవాటేగా."

ఆయన మొహం పాలిపోయింది. బూట్లు కూడా విప్పకుండా ఆ చుట్ట మీదే కూలబడ్డాడు. "అక్కడైతే ఏం చెయ్యాలో తెలుసే. ఇక్కడ నువ్వు ఆశగా చూస్తుంటే, నీకివ్వడానికి నాలో ఏమీ మిగల్లేదనిపించేది. అది నీతో చెప్పడంకన్నా చెయ్యెత్తడం తేలికైంది."

జాలేసింది. కసి మాత్రం తీరలేదు. కలిసి బాధపడాల్సినదాన్ని దాచుకుని, నన్ను ఉత్త పీచుతో కుస్తీ పట్టించాడు.

ఆ సెలవంతా ఆయన హాల్లో, నేను గదిలో. చివరికొచ్చేసరికి తనే గది గుమ్మం దగ్గర నిలబడి "మళ్ళీ కలిపి కుట్టలేవా?" అన్నాడు.

దబ్బనం, దారం తెచ్చి చేతిలో పెట్టాను. "నువ్వే కుట్టు. పీచు తీసి దూది నింపి మరీ."

రోజంతా కుట్టాడు. వేళ్ళు పొడుచుకున్నాడు. నేను కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను, సాయానికి లేవలేదు. కుట్టు వంకరటింకరగా వచ్చింది. ఎక్కి పడుకుని, ఒకసారి అటూ ఇటూ దొర్లి లేచాను.

"ఇంకా గట్టిగా ఉంది. విప్పి మళ్ళీ కుట్టు."

"ఎల్లుండితో సెలవైపోతుందే!"

"అయితే పొడిగించుకో. అడిగి మరీ పొడిగించుకోవడం నీకు కొత్తా?"

ఆయన నా మొహంలోకి చూశాడు. బ్లేడు అందుకుని మొదటి కుట్టు తెంపాడు. నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకున్నాను. ఒక్క కప్పే.