గుండెల మీద బిడ్డ

కండక్టరమ్మ నోటికి బస్సంతా హడలేది. మెట్ల మీద వేలాడే మగాళ్ళని ఒక్క కేకతో లోపలికి తోలేది. "ముందుకు జరగండి" అందంటే నిలబడ్డవాళ్ళే కాదు, కూర్చున్నవాళ్ళూ జరిగేవాళ్ళు. అలాంటి మనిషి కాన్పయి ఇంటికొచ్చాక ఉలుకూ పలుకూ లేకుండా పోయింది.

పచ్చి బాలింత కదా, నీరసమేలే అనుకున్నారు ఇంట్లో. నీరసమా, నా మొహమా! పాపను గుండెల మీద పెడితే చాలు, మనిషి కొయ్యబారిపోయేది. ఒళ్ళంతా చెమటలు. "తీసేయండి, తీసేయండి" అని గొణిగేది. పాలు పిండి సీసాలో పోసి ఇచ్చేదే కానీ పాప ఒంటి మీద చెయ్యి వేసేది కాదు.

అత్తగారు మంచిది. చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది. బిడ్డ ఒళ్ళు తగిలితే మమకారం అదే వస్తుందని ఎవరో అంటే విని, పొద్దున లేస్తూనే పాపను తెచ్చి కోడలి గుండెల మీద పడుకోబెట్టేది. జారిపోతుందేమోనని తన చేత్తో అదిమి పట్టుకునేది కూడా. కోడలు వణికిపోతుంటే, "కాసేపు ఓర్చుకోవే తల్లీ" అని బతిమాలేది. మందు పనిచేయకపోతే మోతాదు పెంచినట్టు, రోజురోజుకీ ఇంకాసేపు.

నెలలు గడిచినా లాభం లేదని చివరికి ఆడపడుచు వచ్చింది. కొన్నాళ్ళు పాపను తన దగ్గర పెంచుతానంది. బట్టలు సంచీలో సర్దేసింది కూడా.

"వెళ్ళేముందు ఒక్కసారి హత్తుకోవే! మనిషివా, రాయివా?" అంటూ అత్తగారు పాపను మళ్ళీ గుండెల మీద పెట్టబోయింది.

"వద్దత్తయ్యా! ఆస్పత్రిలో వాళ్ళూ ఇలాగే పెట్టారు!"

పాత కండక్టరమ్మ కేక అది. అందరూ ఆగిపోయారు.

"కుట్లు వేసేటప్పుడు. మత్తు ఎక్కలేదు, సూది దిగడం తెలుస్తోందని మొత్తుకున్నా. డాక్టరమ్మ తలెత్తలేదు. కాళ్ళు విదిలించానని నర్సు పాపను తెచ్చి నా గుండెల మీద పెట్టింది. 'ఇప్పుడు కదులు చూద్దాం, పడితే నీ పిల్లే పడుతుంది' అంది. అక్కడ అందరికీ అంతేనట, అలా పెడితే ఎవరూ కదలరట. నేనూ కదల్లేదత్తయ్యా. కుట్లన్నీ పడేదాకా కదల్లేదు. ఇప్పుడు పాప బరువు తగిలితే చాలు, ఆ సూది మళ్ళీ దిగుతోంది. పాపంటే ఇష్టం లేక కాదు. దాన్ని పంపేస్తే నేను బతకను."

అత్తగారు తన చేతులు చూసుకుంది. "అయ్యో నా తల్లీ! ఇన్నాళ్ళూ నా చేత్తో నేనే అదిమి పట్టానే!" అని కూలబడిపోయి ఏడ్చింది. ఆడపడుచు సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ అలమరలో పెట్టింది.

పాపను మంచం మీద, తల్లికి జానెడు దూరంలో పడుకోబెట్టారు. ఎవరూ పట్టుకోలేదు. కండక్టరమ్మ పక్కకి తిరిగి బిడ్డ మొహాన్ని మొదటిసారి తీరిగ్గా చూసింది. గడ్డం మీద చిన్న సొట్ట. ఇంట్లో అందరికీ తెలిసిన సొట్టే, కన్నతల్లికే తెలీదు. పాప కూడా చూసింది, ఈవిడెవరో కొత్తమనిషన్నట్టు. పెదవి విరిచి, నాయనమ్మ కోసం గుక్కపట్టింది. ముసలామె అలవాటుగా చేతులు చాచింది.

"ఎత్తుకోకండత్తయ్యా," అంది కండక్టరమ్మ తనూ ఏడుస్తూ. "కాసేపు నా పక్కనే ఏడవనివ్వండి."