తూము తాత

మూడో తొట్టిలో వేలు ముంచి, గోటి మీద ఎరుపు ఎంత నిలిచిందో చూసుకుంటున్నాడు తూము తాత. అద్దకం షెడ్డులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన పని ఒకటే. గంట కొట్టగానే ఇనుప చక్రం తిప్పి, వాడేసిన రంగునీళ్లు వెనక కాలువలోకి వదలడం. అక్కడే బట్టలారేసే భార్య, ఆ చక్రం తనకు సవతి అని నలుగురిలో ఆడిపోసుకుంటూ ఉంటుంది.

నెల నుంచి కాలువలోకి చుక్క రంగు పోకూడదని సర్కారు ఆంక్ష. యజమానురాలు అప్పోసప్పో చేసి వడపోత తొట్లు కట్టించి, పాత చక్రం పక్కనే కొత్తది పెట్టించింది. ఇది తిప్పితే నీళ్లు శుభ్రపడి మళ్లీ అద్దకానికే వస్తాయి. పాతది పీకించబోతే తాతే అడ్డుపడ్డాడు, కొత్తది మొరాయిస్తే దిక్కేమిటని. పెద్దవాడి మాట కదా అని ఆమె వదిలేసింది.

ఈరోజు తనిఖీ. కాలువలో రంగు కనిపిస్తే షెడ్డుకు తాళం, నలభై ఇళ్లల్లో పొయ్యి వెలగదు. పొద్దుటి నుంచి ఎవరికీ కాలు ఒకచోట నిలవడం లేదు. తాత కొత్త చక్రాన్ని నాలుగుసార్లు తుడిచాడు.

గంట మోగింది. అప్పుడే గేటు దగ్గర అధికారి కారు ఆగితే, తాత తల అటు తిరిగింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. రెండు చుట్లు తిరిగాక గానీ అది పాత చక్రమని తెలియలేదు.

చక్రం బిగించి వెనక్కి పరిగెత్తాడు. ఎర్రనీళ్లు సిమెంటు బోదె పట్టుకుని కాలువవైపు పోతున్నాయి. వాటికంటే ముందు చేరి, మోకాళ్ల మీద పడి, భుజం మీది తువ్వాలు ఉండచుట్టి బోదె చివరి గొట్టంలో కుక్కి అదిమిపట్టాడు. నీళ్లు మోచేతుల దాకా వచ్చి ఆగాయి. అవతల గట్టు నుంచి కాలువలో సీసా ముంచిన చప్పుడు. ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపటికో, నీళ్లు బాగున్నాయన్న అధికారి గొంతు వినబడింది.

ఆయన వెళ్లిపోయాక, తాత తడిబట్టలతోనే యజమానురాలి గదికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఇక పని మానేస్తానన్నాడు. కాలువలో చుక్క పడలేదు కదా, ఆ చక్రం ఇప్పుడే పీకించేద్దాం, పనిలో ఉండమందామె.

"తలకి చెప్పానమ్మా. చేతికే చెప్పలేకపోయాను. నలభై ఇళ్ల కూడు ఈ చేతిలో పెట్టకండి."

ఆమె బతిమాలింది. తాత వినలేదు. ఆరేసిన బట్టల మధ్య నుంచి భార్య చూసి, ఇంత పెందరాళే ఎక్కడికని అడగబోయి, ఆయన ముఖం చూసి చేతిలోని బట్టను తీగ మీద పడేసింది. ఆయన గేటు దాటాడు.

సాయంత్రం బోదెలో నిలిచిన నీళ్లను వడపోత తొట్టిలోకి తోడేశారు. గొట్టం నోట్లో తువ్వాలు అలాగే ఉంది, షెడ్డు వైపు ఎర్రగా, కాలువ వైపు కొస ఇంకా తెల్లగా.