నా పేరున అర్చన

తిరుత్తణి స్వామికి నా పేరు తెలుసా అని పెళ్లయినప్పటి నుంచీ నాకొక అనుమానం. అర్చన చీటీ తీసుకుని మా ఆయన సుందరరాజులు తన పేరు, నక్షత్రం చెబుతారు. తర్వాత కొడుకు హేమనాథ్‌ది, కూతురు నిత్యది. చివర "సకుటుంబం" అంటారు. ఆ మాటలో నేను ఉంటాను. చిన్నప్పుడు తిరువళ్లూరులో టైపింగ్ నేర్చుకుంటూ, పరీక్ష పాసైతే నా పేరున అర్చన చేయిస్తానని మొక్కుకున్నాను. పాసయ్యాను. ఫలితం వచ్చేసరికి కనకమ్మ సత్రం అనే ఊళ్లో కోడలిని. "అందరి పేరునా చేస్తానే ఉండాం గదా, నీకు వేరే ఎందుకు?" అన్నారు ఆయన.

మొన్న తిరుత్తణిలో ప్రెస్సు నడిపే జనార్ధనం అన్న, "తెలుగు పెండ్లి పత్రికలు కొట్టేవాళ్లు దొరకలా తల్లీ. పిల్లకాయలకి అరవమే వస్తాది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే పని పంపిస్తా" అన్నాడు. హేమనాథ్ చదువుకునేటప్పుడు కొన్నది ఉంది. ఆన్ చేస్తే తెరుచుకోదు. "శుక్రవారం పాత సామాన్ల సెల్వం వస్తాడు, వేసేస్తాం" అన్నారు మా ఆయన.

చెన్నైలో ఉద్యోగం చేసే నిత్య, సెలవుకు వచ్చినప్పుడు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చింది. "ఇది ఊరికే వచ్చే సిస్టమ్ అమ్మా. పాత మిషన్‌కి భారం కాదు. కానీ బటన్ నొక్కితే ఎక్కేది కాదు, ఒక్కొక్కటీ నువ్వే టైపు చేసి కట్టుకోవల్ల." ఎలా కట్టాలో రాసి ఉన్న ఇంగ్లీషు పేజీలకు అర్థం చెప్పి వెళ్లిపోయింది.

కష్టమే. నల్లటి తెర, మిణుకుమనే ఒక గీత. డిస్కును ఎలా పంచాలో, ఏ భాష కావాలో, అన్నీ నేనే చెప్పాలి. చుక్క తప్పితే ఒప్పుకోదు. పప్పు పొయ్యి మీద పెట్టి ఒక వరుస, తాలింపు వేసి ఒక వరుస. "ఏమే, సాంబారు ఇన్‌స్టాల్ అయిందా?" అని హాల్లోంచి నవ్వు. అయినా ఈ మిషన్ ఎందుకు కాదన్నదో కింద రాస్తుంది. కంచం పక్కకు నెట్టిన మా అత్తగారు ఏనాడూ కారణం చెప్పిన పాపాన పోలేదు.

శుక్రవారం పొద్దున, ఫోన్ నుంచి నెట్ ఇచ్చి దించిన ప్రతి ఫైలునూ మిషన్ నమ్మనంది. మళ్లీ చేశాను, మళ్లీ అదే. నిత్య ఫోన్ ఎత్తలేదు. దీపం పెట్టి, అలవాటుగా రాహుకాలానికి ఇంకెంతుందో అని గడియారం చూశాను. అప్పుడు తోచింది, దీని లెక్కలో ఇప్పుడు టైమెంత? అడిగితే ఎప్పటిదో సంవత్సరం చూపించింది. మూలపడి ఉండి లోపలి గడియారం బ్యాటరీ చచ్చిపోయింది. ఇవాళ్టి తేదీతో వచ్చేవన్నీ దానికి ఇంకా పుట్టనివి, ఎలా నమ్ముతుంది? జాలేసింది. మనం ఏ ఏడాదిలో ఆగిపోయామో మనకూ తెలియదు కదా. క్యాలెండర్ చూసి తేదీ, గడియారం చూసి సమయం కొట్టాను. ఒక్కొక్కటే ఒప్పుకుంటూ ఎక్కసాగాయి.

చివర్లో వాడేవాళ్ల పేరు కావాలి. సకుటుంబం అంటే కుదరదు. ఇంద్రాణి అని కొట్టాను.

పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే, నా పేరు అడిగి తెర వెలిగింది. అప్పుడే వీధిలో సెల్వం కేక. తీగలు చుట్టడానికి వచ్చిన మా ఆయన నిలబడిపోయారు.

"ఎవురు చేసిచ్చినారే?"

"నేనే."

"నువ్వా? యాడ నేర్చినావు?"

"సగం తిరువళ్లూరులో, మీరు పెళ్లిచూపులకు రాకముందు. మిగతా సగం వంటింట్లో."

వంగి చూశారు. "దీంట్లో నా పేరు లేదే?"

"కావాలంటే చేరుస్తానండీ, వంటయ్యాక."

సెల్వానికి విరిగిన టేబుల్ ఫ్యాను ఇచ్చి పంపాను.

నేను కొట్టిన మొదటి పత్రిక అచ్చయినప్పుడు, స్వామి పాదాల దగ్గర పెట్టిద్దామని తిరుత్తణి కొండెక్కాం. అర్చన చేసే గురుక్కళ్ పేరు, నక్షత్రం అడిగారు. మా ఆయన నోరు తెరిచేలోగా నేను ముందుకు జరిగాను.

"ఇంద్రాణి. రోహిణి. ఒక్క పేరే సామీ, టైపింగ్ పాసైన మొక్కు."