వేపకొమ్మకు ఉడుకునీళ్ళు

ఇరుసప్పన్ పనిచేసే తెల్లదొర తోటలో కుక్కలు లేవు, కోళ్ళు లేవు. ఇనుపవల బోనుల్లో ఊసరవెల్లులు, ఉడుములు, ఒక కొండచిలువ ఉన్నాయి. కడుపు నిండిన మారాజుకు ఏది పెంచుకోవాలని తోస్తే అది పెంచుకుంటాడు, మనకెందుకు? ఆ జీవాలు పాకడానికి కొమ్మలు కావాలి. వాటిని శుభ్రం చేసే పని మాత్రం కాలవ అవతల ఒర్లియంపేటలో, ఇరుసప్పన్ పెళ్ళాం మరగతం పెరట్లో జరిగేది.

తెచ్చిన కొమ్మను తెచ్చినట్టు బోనులో పెట్టడానికి వీల్లేదు. ఒకసారి అలా పెడితే బెరడులోంచి చీమలు బయలుదేరి ఊసరవెల్లిని కొరికి చంపాయి. దొర అరుపులకు తోట దద్దరిల్లింది. అప్పట్నుంచి మరగతం ఊడిపోయే బెరడు గీకి, కొమ్మను రాతిమీద కొట్టి దులిపి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, మీద సలసల కాగే నీళ్ళు పోసి ఎండలో ఆరవేసేది. తొర్ర ఉంటే దాన్నిండా ఉడుకునీళ్ళు పోసి, ఆరాక బంకమట్టితో మూసేది.

చిక్కల్లా ఆడి నెలలో వచ్చిన ఆ వేపకొమ్మతోనే. గాలివానకు మురుంగపాక్కంలో విరిగిపడిన కొమ్మ అది. మంచి పంగ, గరుకు బెరడు, మొదలు దగ్గర ఒక తొర్ర. కొండచిలువ కుబుసం విడిచేటప్పుడు ఒళ్ళు రుద్దుకోవడానికి అలాంటిదే కావాలని దొర పట్టుబట్టాడు. కానీ అమ్మవారి జాతరలు జరిగే ఆడి నెలలో వేప అంటే సాక్షాత్తు మారియమ్మే. కిందటేడు కొడుక్కి అమ్మవారు పోసినప్పుడు మరగతం వాణ్ణి వేపాకుల మీదే పడుకోబెట్టి, బతికితే నీ పేరు పెట్టుకుంటానని మొక్కుకుంది. వాడు బతికాడు, ఒంటిమీద ముత్యాల్లా పోసే ఆ తల్లి పేరుమీద ముత్తు అయ్యాడు. ఇప్పుడు ఆ తల్లిని రాతికేసి కొట్టడమా? ఆమె ఒంటిమీద ఉడుకునీళ్ళు పోయడమా? ఆమె నోట్లో మట్టి కొట్టడమా? మరగతానికి చేతులు రాలేదు. పసుపునీళ్ళు చల్లి, కుంకుమబొట్టు పెట్టి, కొమ్మను పెరటిగోడకు ఆనించింది. మొగుడికి ఆ సంగతి చెప్పలేదు.

మధ్యాహ్నం ఇరుసప్పన్ కొమ్మను భుజాన వేసుకుని పోయాడు. మరగతం చీపురు తీసుకుని పెరట్లోకి వచ్చింది. కొమ్మ మొదలు ఆనిన చోట నేలమీద పల్చగా ఏదో అంటుకుని ఉంది. వంగి చూసింది. చీపురు చేతిలోంచి జారిపోయింది.

"ఏందే అట్ల కొయ్యబారి పోతివి?" అంది అత్త వెళ్ళైయమ్మాళ్, ముత్తును చంకనెత్తుకుని వస్తూ.

"కుబుసం అత్తా. కట్లపాముది. ఇంకా తడి ఆరలా. సగమే ఈడుండాది. మిగతా సగం తొర్రలో ఉండాది, పాము కూడా అందులోనే ఉండాది."

కట్లపాము కరిస్తే చీమ కుట్టినట్టే ఉంటుంది. మనిషి చేతిని నలుపుకుని పనిలో పడతాడు, తర్వాత పడుకుంటాడు, ఇక లేవడు. ఆ తొర్ర మొగుడి చెవి పక్కనే ఊగుతూ పోతోంది. మరగతం చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

కాలవ వంతెన దాటి తెల్లదొరల వీధుల్లో పడింది. ఎదురొచ్చే ప్రతి గుంపులోనూ అతన్ని మోసుకొస్తున్నారేమోనని చూసింది. తోట గేటు దగ్గరికి చేరింది.

కావలివాడు అడ్డం నిలబడ్డాడు. "యాడికి పోతా ఉండావమ్మా? దొర నిద్రపోతా ఉండాడు."

"పాముండాది నాయినా, లోపల పాముండాది!"

"ఇది పాముల తోటే కదమ్మా," అన్నాడు వాడు తాపీగా.

గేటు ఊచల్లోంచి ఇరుసప్పన్ వీపు కనిపించింది. కొండచిలువ బోను ముందు గొంతుక్కూర్చుని కొమ్మను ఒళ్ళో పెట్టుకున్నాడు. తొర్ర మూసిలేదు. పెళ్ళాం మరిచిపోయింది కాబోలని తనే బంకమట్టి ముద్ద చేస్తున్నాడు.

"ఏమయ్యో!" అని అరిచింది. నీళ్ళు పోసేవాళ్ళు తిరిగి చూశారు. అతను చూడలేదు.

"ముత్తు నాయినా!" పూలమొక్కల దగ్గరున్న తోటమాలి తలెత్తాడు. వాళ్ళింట్లోనూ ఒక ముత్తు. అమ్మవారు పోసి బతికిన పిల్లలున్న ఇంట ముత్తు లేకపోతే కదా! ఇరుసప్పన్ మట్టిముద్దను తొర్ర దగ్గరికి తీసుకుపోతున్నాడు.

పామని అరిస్తే ఆ తోటలో ఎవరూ తిరిగి చూడరు. ఇక మిగిలింది ఒక్కటే. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తరిగిపోతుందని పెళ్ళినాడే తల్లి చెప్పింది. కలలో కూడా మరగతం ఆ పేరు పలకలేదు. ఏ నోటితో అతని ప్రాణం నిలపాలో ఆ నోటితోనే ప్రాణం తీస్తున్నానా అనుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఇరుసప్పా! చెయ్యి తియ్యి! తొర్రలో పాము!"

ఆ పేరు ఆ గొంతులో వినేసరికి ఇరుసప్పన్ అదిరిపడి లేచాడు. కొమ్మ ఒళ్ళోంచి కిందపడింది. తొర్రలోంచి నల్లగా, నిగనిగలాడుతూ కట్లపాము జారి అతని పాదాల మధ్య నుంచి పోయింది.

కేకలకు లేచిన దొర గాజు జాడీ తెచ్చి దాన్ని పట్టుకుని, పండగొచ్చినంత సంబరపడ్డాడు. ఇరుసప్పన్ మాత్రం గేటు దాకా వచ్చాడు.

"ఉడుకునీళ్ళు పోయలేదా నువ్వు?"

"అమ్మ కదా అని..." అని మరగతం వెక్కింది.

"పేరు పెట్టి పిలిస్తివే," అన్నాడు. అది కోపమో, భయమో అతనికే తెలియదు.

కొమ్మ మళ్ళీ ఒర్లియంపేటకే వచ్చింది. పొయ్యిమీద నీళ్ళు మరిగాయి. వెళ్ళైయమ్మాళ్ అమ్మవారి కంట పడకుండా ముత్తు తలను కొంగుతో కప్పి లోపలికి తీసుకుపోయింది. మరగతం అండా ఎత్తింది. నీళ్ళు ఆమె కాళ్ళమీదే చిందాయి.

"తల్లీ, పేరు పలికింది నేను. నీళ్ళు పోసేది నేను. అడగాల్సింది నన్నడుగు. వాళ్ళిద్దరి జోలికి పోవద్దు," అని పోసేసింది. వేపబెరడు చేదువాసన ఇల్లంతా నిండింది.

ఆ సాయంత్రమంతా ఒక చేత్తో కొడుకు నుదురు, ఒక చేత్తో మొగుడి నుదురు తాకి చూస్తూనే ఉంది. రెండూ చల్లగానే ఉన్నాయి. అయినా ఆమెకు చేతులు తియ్యాలంటే భయం వేసింది.